పతకం తొడుగుకిచ్చారు

1. నీళ్ల రోజు

ఈ పొద్దున మా ఇంటికి తొడుగు వచ్చింది. నలుగురు మనుషులు బండి మీద తెచ్చారు. గుమ్మం పట్టకపోతే తలుపు ఊడదీసి లోపల పెట్టారు. తలుపు మళ్లీ బిగించడం వాళ్ల పని కాదట.

నేను పదిమందిలో నోరు విప్పలేను. నీళ్ల వరసలో ఎవరైనా పలకరిస్తే బిందె వైపు చూస్తూ నిలబడతాను. చదివింది ఐదో తరగతే అయినా రాయడం మరిచిపోలేదు. అందుకే అనలేని మాటలన్నీ ఇలా రాసుకుంటాను. ఇవాళ అనలేని మాటలు చాలా ఉన్నాయి.

మాది సొరంగంలో ఒకే గది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకు గాలి గొట్టం. తొడుగేమో మనిషికి రెండింతలు. గాలి లేని బయటికి, మంచుగట్టు మీదికి యుద్ధానికి వెళ్లే సైనికులు దీంట్లో దూరి వెళ్తారు. ఎవరి తొడుగు వాళ్ల ఒంటికి కొలిచి చేస్తారు. ఇది మా ఆయన దాలినాయుడుది. ఆయన మోకాలు విరిగి, చేతికర్రతో ఇంటికి వచ్చేశాడు. పతకం మాత్రం ఆయనకు రాలేదు. తొడుగుకు వచ్చింది.

ఆయన స్పృహ తప్పి లోపల పడి ఉంటే ఇది తనంతట తనే వెనక్కి తిరిగి, నిప్పుల మధ్య నుంచి ఆయన్నీ, దారిలో పడిపోయిన ఆయన స్నేహితుడు గురువులునీ మోసుకొచ్చిందట. జరిగింది బొమ్మలుగా తీసే దాని కన్ను ఆ పోరులోనే పగిలిపోయింది కాబట్టి చూసుకోవడానికి బొమ్మలేవీ లేవు. ఆయన చెప్పిన మాటే రాసుకున్నారు. నాకేమీ తెలీదు, స్పృహలో లేను అని ఆయన చెప్పాడు.

పతకాల ఆఫీసు నుంచి హైమవతి గారని ఒకావిడ వచ్చి నియమాలు చదివారు.

"పతకం పొందిన తొడుగును గిడ్డంగిలో పడేయకూడదమ్మా. బయల్దేరిన ఇంటికే పంపడం మన ఆచారం. రోజూ తుడవాలి. చూడటానికి వచ్చినవాళ్లను కాదనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని ఎప్పుడూ ఆపకూడదు. పతకం ఉన్నవారి ఊపిరి ఆపడం పెద్ద అవమానం."

"కరెంటో?" అని ఆయన అడిగాడు.

"మీ వాటాలోంచే" అన్నారావిడ, వేలిముద్ర పెట్టించుకుంటూ.

మంచం గోడవారకు నిలబెట్టేశాం. పడుకోవడానికి ఇక నేలే. సాయంత్రం పక్కగది తవిటమ్మత్త వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఓలి అసిరీ, ఇద్దరు మొగుళ్లేటే నీకు. ఒకడికి కర్ర, ఒకడికి పతకం. కూడు ఎవలికి ముందెడతావు?"

నేను పొయ్యి వైపు తిరిగిపోయాను. ఆయన నవ్వాడు. నవ్వాల్సిన మాటా అది?

2. నాచు రోజు

మా సొరంగంలో గాలి పలచన. నీళ్లు తొందరగానే మరుగుతాయి కానీ వాటిలో వేడి ఉండదు. కుక్కరు లేకపోతే ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పప్పు గులకరాయే.

ఇవాళ తిండికి నాచు పెంచే గదుల నుంచి పని ముగించుకొచ్చి కుక్కరు పెట్టాను. ఆయన పీట మీద కూర్చుని గడ్డానికి సబ్బు రాసుకుంటున్నాడు. మొదటి విజిల్ వచ్చింది.

తొడుగు ఛాతీ రెండు తలుపుల్లా తెరుచుకుంది. రెండడుగులు వేసి, ఆయన మీదికి వంగి, బీరువా బట్టని మింగినట్టు ఆయన్ని లోపల వేసుకుని మూసుకుపోయింది. తలుపు మేం ఇంకా బిగించలేదు, అదొక్కటే మంచిదైంది. వీధిలోకి ఉరికింది. దాని చేతులు రెండూ ఆరేసిన చొక్కా చేతుల్లా అటూ ఇటూ ఊగుతున్నాయి. నేను ఆయన చొక్కా ఒక చేత్తో, చేతికర్ర ఒక చేత్తో పట్టుకుని వెనకాల పరిగెత్తాను. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆ నడవ ఎలా దాటానో నాకే తెలియదు.

తొడుగు తిన్నగా ఆస్పత్రికి పోయి, ఖాళీ మంచం పక్కన నిలబడి ఆయన్ని దించింది. మొహం నిండా సబ్బుతో ఉన్న ఆయన్ని నర్సమ్మ పరీక్షగా చూసింది.

"ఏటి తగిలింది?"

"కుక్కరు" అన్నాడాయన.

తొడుగు మోసుకొచ్చిన మనిషిని పరీక్ష చేయకుండా పంపకూడదట. ఆయన్ని పడుకోబెట్టి, రక్తం తీసి, అప్పుడు వదిలారు. ఇంటికి వచ్చేసరికి పప్పు అడుగంటి మాడి బొగ్గయింది.

విజిల్ చప్పుడు తొడుగు చిరిగి గాలి పోతున్న చప్పుడులా ఉంటుందని ఆయన చెప్పాడు. ఆ చప్పుడు వింటే తన మనిషిని తీసుకుని ఆస్పత్రికి పరిగెత్తమని దానికి నేర్పారట. ఎంత చెప్పినా దానికి కుక్కరు సంగతి తెలియదు.

"ఆపీడానికి మీట ఉండదేటి మావా?"

"ఉన్నాది. నొక్కితే జైలు."

3. సెలవు రోజు

కుక్కరు అటకెక్కించాను. నానబెట్టి, రుబ్బి, పప్పు పిండి జావలా కాచి పోస్తున్నాను. ఆయన మారు మాట్లాడకుండా తాగుతున్నాడు. మారు మాట్లాడితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

సెలవు కాబట్టి జనం. పిల్లలతో, ముసలివాళ్లతో వస్తారు, చెప్పులతో నా వంటచోటు తొక్కుతారు, పతకం తాకి కళ్లకద్దుకుంటారు. పోతూ పోతూ, మూల కూర్చున్న ఆయన్ని చూసి గుసగుసలాడతారు. వీధిలో ఆయనకు మూర్ఛనాయుడని పేరు పెట్టారు. మొన్న నాచు గదుల్లో ఒకడు "ఏం మూర్ఛబావా, నీ తొడుగు కులాసాయేనా" అని అడిగితే, "ఆ, నానే నీరసం" అన్నాడట. తవిటమ్మత్త చెప్పింది. ఎందుకు పడతాడో ఆ మాటలన్నీ.

మధ్యాహ్నం గురువులు తల్లి సన్యాసమ్మ పెద్ద ఊరి నుంచి వచ్చింది. కొడుకు ఇంకా అక్కడి పెద్దాస్పత్రిలోనే ఉన్నాడు, ఇప్పుడు లేచి కూర్చుంటున్నాడట. వాడికి కూడా పడిపోయాక ఏమీ గుర్తులేదట. ఆవిడ ముక్కాలిపీట అడిగి, ఎక్కి, తొడుగు నుదుటి అద్దం మీద బొట్టు పెట్టింది. దాని ఇనుప వేళ్లు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"నా గుంటణ్ణి ఈ సేతులే గదమ్మా ఎత్తినాయి" అంది నాతో.

నేను తలాడించాను. ఆయన కోసం చూస్తే మూల ఖాళీగా ఉంది. కర్ర తీసుకుని ఎప్పుడో బయటికి జారుకున్నాడు. అంత దూరం నుంచి వచ్చిన ముసలమ్మకు ఒక నమస్కారం పెట్టడానికేం? వచ్చాక అడిగితే నీళ్లకు వెళ్లానన్నాడు. ఇవాళ నీళ్ల రోజు కాదు.

4. సైరన్ రోజు

వారానికోసారి, గాలి పోతే హెచ్చరించే సైరన్ సరిచూస్తారు. దాని కూతా కుక్కరు విజిల్ లాంటిదే. ముందే చెప్పినా తొడుగుకు చెప్పలేం కదా. అందుకని ఆయన ముందే చొక్కా తొడుక్కుని సిద్ధంగా కూర్చున్నాడు. సరిగ్గా సైరన్ మోగబోయేముందు తవిటమ్మత్త ఉప్పుకు వచ్చింది.

సైరన్ మోగింది. తొడుగు ఆయన్ని మింగింది. తవిటమ్మత్త కంగారులో వెనక్కి తిరిగి పరిగెత్తబోయి, గుమ్మంలో బోర్లా పడింది. మోకాళ్లు నేలకు కొట్టుకుని "ఓలమ్మ" అని అరుస్తోంది. తొడుగు ఆగలేదు. ఆవిడ వీపు మీదుగా కాలు చాపి, దాటి, వెళ్లిపోయింది. వేలాడుతున్న ఇనుప చెయ్యి ఆవిడ కొప్పును రాసుకుంటూ పోయింది.

నేను లేవనెత్తి మంచినీళ్లు ఇచ్చాను.

"ఇదేనేటే మీ ఈరుడు" అంది ఆవిడ. "పరాయోడికి పేనమిచ్చిందంట. ముసిల్దాన్ని దాటీసి పోతంది, కుక్కని దాటినట్టు."

ఆవిడ ఉప్పు మరిచిపోయి వెళ్లిపోయింది. నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఇది వచ్చిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు ఆయన్ని మోసుకుపోయింది. ఒక్కసారైనా దాని చేతులు కదలడం నేను చూడలేదు. కాళ్లు దానివి. మరి చేతులు?

ఆయన ఆస్పత్రి నుంచి వచ్చాక జావ పోసి అడిగాను.

"దాని సేతులు ఎవలు ఆడిస్తారు మావా?"

"లోపలున్నోడు. తన సేతులు అందులో ఎడితేనే ఆడతాయి."

"లోపలున్నోడికి మూర్ఛ అయితే?"

ఆయన గిన్నెలో జావ తిప్పుతూ ఉండిపోయాడు. నోట పెట్టుకోలేదు.

"తవిటమ్మత్తని దాటీసింది. గురువులుని ఎందుకు దాటనేదు?"

"దాటబోనాది" అన్నాడు చివరికి. "నా కాలు ఇరగ్గానే ఎనక్కి తిరిగీసింది. ఆడి మీద నుంచి ఎల్లిపోతంది. నాను సెయ్యి కిందకి దించినాను. ఆడి నడుం పట్టీ దొరికింది. పట్టుకున్నాను, ఒగ్గనేదు. అంతే."

"మరి మూర్ఛ అని ఎందుకు సెప్పినావు? ఊరంతా నిన్ను..."

"తవిటమ్మత్త మరిదికి పతకమొచ్చింది. తెలుసు గదా?"

తెలుసు. పతకం వచ్చిన మనిషి మళ్లీ గట్టు మీదికి వెళ్లి తీరాలి. ధైర్యవంతుడు ఇంట్లో కూర్చుంటే మిగతావాళ్లు ఎలా పోరాడతారని అంటారు. ఆ మరిది వెళ్లాడు. పతకం ఒక్కటే తిరిగొచ్చింది. మూర్ఛపోయి, మోకాలు విరిగినవాణ్ణయితే ఇంటికి పంపేస్తారు.

"ఇంటికొద్దామనుకున్నాను అసిరీ. నువ్వున్నావు గదా ఇక్కడ" అన్నాడు.

నాకు కోపం రావాలో, ఏం రావాలో తెలియలేదు. ఆయన ముందు మజ్జిగ గిన్నె కాస్త గట్టిగానే పెట్టాను. ఈ ఇనుప బీరువాకి రోజూ నూనె రాసి తుడుస్తున్నది నేను, నా చేతులు నొప్పి పుట్టేలా. ఒక్క ముక్క నాతో అని ఉంటే ఏం పోయేది?

5. కరెంటు రోజు

హైమవతి గారు మిఠాయి పట్టుకుని వచ్చారు. మనసు కీడు శంకించింది. ఊరికే మిఠాయి తెచ్చే మనిషి కాదు ఆవిడ.

"మీ తొడుగు చరిత్ర మార్చబోతోందమ్మా. ఎవరూ నేర్పకుండానే పక్కవాణ్ణి ఎత్తడం నేర్చుకుంది. దీని బుద్ధిని తీసి మిగతా తొడుగులన్నిటిలోనూ పెడుతున్నాం. ఇక గట్టు మీద మోసేవాళ్లతో పని లేదు. ఆ కుర్రాళ్లందర్నీ తుపాకుల మీదికి మార్చేస్తున్నారు."

మోసేవాళ్లంటే, పోరు జరుగుతుండగానే నేల మీద పాకుతూ వెళ్లి, పడిపోయినవాళ్లను ఈడ్చుకొచ్చేవాళ్లు. మా వీధి నుంచి కూడా ఇద్దరున్నారు.

ఆవిడ వెళ్లాక ఆయన మిఠాయి ముట్టలేదు. జావ ముట్టలేదు.

"ఇంక ఎవుడూ సెయ్యి దించడు" అన్నాడు. "తొడుగే ఎత్తుతాదిలే అనుకుంటారు. అది దాటుకుంటూ పోతాది. మోసేవోళ్లు ఉండరు. పడినోడు పడినట్టే."

"ఆళ్లే తెలుసుకుంటారులే, ఒక్కసారి సూస్తే."

"సూసేటప్పటికి ఎంతమంది?"

నేను గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. ఆయన ఏమి అడగబోతున్నాడో నాకు తెలుసు. అడగకుండా ఉంటే బాగుండునని గిన్నెల చప్పుడు పెంచాను. అడిగాడు.

"సెప్పీమంటావా అసిరీ?"

"సెప్పీసి ఎల్లిపో. నన్నెందుకు అడుగుతావు" అన్నాను. ఆ మాట అన్నది నిజంగా వెళ్లమని కాదు. ఆయన అలా అర్థం చేసుకున్నాడో, చేసుకున్నట్టు నటించాడో. కర్ర తీసుకుని ఆఫీసుకు వెళ్లాడు.

పొయ్యి చల్లారాక తిరిగి వచ్చాడు. ఎవరూ నమ్మలేదట. పతకం తనకు రాలేదని కడుపుమంటతో అంటున్నాడనుకున్నారట. "సహజమేనయ్యా, సిగ్గుపడకు" అని టీ ఇచ్చారట. ఆయన వదలకుండా కూర్చుంటే చివరికి హైమవతి గారు సరేనన్నారు. తొడుగుకు సన్మానం చేసే రోజున మైదానంలో అందరి ముందూ పరీక్ష చేద్దాం, జనానికి తొడుగు గొప్పతనం చూపించినట్టూ ఉంటుంది అన్నారట.

నిజం చెప్పినా నమ్మని ఆఫీసు, చెప్పకుండా ఉండలేని మొగుడు, ఇద్దరి మధ్యా నేను, ఉడకని పప్పు.

6. సన్మానం రోజు

మైదానమంటే పెద్ద గుహ. పైన దీపాలన్నీ వెలిగించారు. అన్ని వరసల జనం వచ్చారు. నేను తవిటమ్మత్త వెనకాల, ఆవిడ కొంగు చాటున నిలబడ్డాను.

ఎవరైనా నేల మీద పడుకోవాలన్నారు హైమవతి గారు. బొమ్మను పెడితే మనిషి కాదని తొడుగు పోల్చుకుంటుందట. ఎవరూ కదల్లేదు. అంత బరువున్నది మీద కాలు వేస్తే ఏమిటి గతి అని గొణుక్కుంటున్నారు. తవిటమ్మత్త "నా ఈపు ఒకపాలి సాల్దా" అంది.

మైదానం మధ్యలో, తొడుగు పక్కన, ఆయన కర్ర మీద ఆనుకుని ఒక్కడూ నిలబడి ఉన్నాడు. జనంలో ఎవరో "మూర్ఛనాయుడా, నువ్వే పడుకో, అలవాటే గదా" అన్నారు. గుహంతా నవ్వింది.

నా కాళ్లు ఎలా కదిలాయో. తల ఎత్తకుండా నడిచి వెళ్లి, ఆస్పత్రి వైపు దారికి అడ్డంగా, చీర కుచ్చెళ్లు సర్దుకుని పడుకున్నాను. నేల చల్లగా ఉంది. ఆయన "అసిరీ, ఒద్దే" అంటుండగానే సైరన్ మోగింది.

తొడుగు ఆయన్ని మూసుకుంది. అడుగుల అదురు నా వీపుకు తెలుస్తోంది. నీడ పడింది. కళ్లు మూసుకున్నాను. నడుం దగ్గర ఇనుప వేళ్లు తగిలాయి, గుడ్డును పట్టుకున్నంత మెల్లగా. గాల్లోకి లేచాను.

ఆఫీసు మనిషి ఎవరో తన చేతిలోని మీట నొక్కి తొడుగును అక్కడే నిలబెట్టాడు. గుహ పగిలిపోయేలా చప్పట్లు. "చూశారా, ఎత్తింది" అని హైమవతి గారు మైకులో అంటున్నారు. తొడుగు అద్దం నా మొహానికి దగ్గరగా ఉంది. లోపల ఆయన కళ్లనిండా నీళ్లు.

"సెయ్యి ఆగనేదే" అన్నాడు. "నువ్వు కింద పడున్నావు. ఆగనేదు."

ఏం చెయ్యను ఈ మనిషిని? ఊరంతటి ముందు చేతులు ఆపుకో, అదొక్కటే నీ పని అని పొద్దున్నించీ చెప్పాను.

చప్పట్లు ఆగలేదు. నేను ఆయన చేతుల్లో ఉన్నాను. ఊరుకుంటే చాలు. పతకం దానికే ఉంటుంది. ఆయన నాకు ఉంటాడు. మూర్ఛనాయుడు అంటారు, అననీ. పప్పు జావ తాగి, నేల మీద పడుకుని, ముసలివాళ్లమయ్యేదాకా బతికేయొచ్చు. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, నాకు బాగా చేతనైన పనే, నోరు మూసుకోవడం. సన్యాసమ్మ ముందు వరసలో దండం పెడుతూ నిలబడి ఉంది. ఆవిడ లాంటి తల్లులు ఎంతమందో.

"దించు" అన్నాను.

దించాడు. హైమవతి గారి దగ్గరికి నడిచాను. మైకు ఎదురుగా ఉండటం వల్ల నా మాట గుహంతా వినపడింది. నాకే నా గొంతు కొత్తగా ఉంది.

"ఎత్తింది అది కాదండి, ఈయన. ఈయన సేతులు దాని సేతుల్లో ఎట్టకుండా, ఛాతీ దగ్గర కట్టీండి. మళ్లీ తొంగుంటాను."

"అవసరం లేదమ్మా, అందరూ చూశారు కదా" అన్నారావిడ.

"మీరు సూసింది మా ఆయన్ని."

ఆయన తొడుగు ఛాతీ తెరుచుకుని దిగి నిలబడ్డా, కట్టడానికి ఎవరూ రాలేదు. ఆఖరికి సన్యాసమ్మే వచ్చి, తన పైకొంగు చించి, ఆయన చేతులు కట్టింది. కడుతూ ఆయన మొహంలోకి చూసింది. అప్పుడే ఆవిడకు అర్థమైపోయినట్టుంది, ముడి వెయ్యకుండా కొసలు నా చేతిలో పెట్టేసింది. ముడి నేనే వేశాను. గట్టిగానే వేశాను.

మళ్లీ పడుకున్నాను. సైరన్ మోగింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఇనుప పాదం నా మీదుగా వెళ్లింది. వేలాడుతున్న చెయ్యి నా పమిట లాక్కుని, వదిలేసి, పోయింది. తొడుగు వెనక్కి చూడలేదు. ఆస్పత్రి మలుపులో దాని అడుగుల చప్పుడు వినపడకుండా పోయింది.

నేను లేచి దుమ్ము దులుపుకున్నాను.

7. బండి రోజుకు ముందు

మోసేవాళ్లను తుపాకుల మీదికి మార్చడం లేదు. తొడుగు బుద్ధిని ఎక్కడా పెట్టడం లేదు. హైమవతి గారు మా ఇంటికి వచ్చి, స్క్రూలు విప్పి తొడుగు ఛాతీ మీది పతకం ఊడదీసి, ఆయన చొక్కాకు పెట్టారు. అదే చేత్తో కాగితం ఇచ్చారు. రేపు పొద్దున బండి. మోకాలి సంగతి అడిగితే, తొడుగుకు కాళ్లున్నాయి కదా అన్నారు. వాళ్లకు అన్నిటికీ జవాబుంటుంది.

ఏ పని మీద వెళ్లాలో ఎంచుకునే హక్కు పతకం ఉన్నవాళ్లకు ఉందట. ఆయన మోసేవాళ్లతో వెళ్తానన్నాడు. తుపాకీ వద్దన్నాడు. అది తేలిక పని అనుకున్నారేమో, వెంటనే ఒప్పుకున్నారు.

వీధిలో జనం నమస్కారాలు పెడుతున్నారు. మొన్న నవ్వినవాడే దండ తెచ్చాడు. దండ తీసుకున్నాను, లోపలికి రమ్మనలేదు.

బట్టలు సర్దుతుంటే ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"కింద నుంచి సూస్తే ఎలాగున్నాది?"

"సీకటిగా ఉన్నాది. నువ్వు లోపలున్నావని తెలుసు గానీ కనపడనేదు."

"గురువులూ అదే అన్నాడు. రేడియోలో. సీకటైపోనాది దాలీ అన్నాడు. అప్పుడే సెయ్యి దించినాను."

ఇన్నాళ్లు ఒకే గదిలో ఉండి, ఈ మాట ఇప్పుడా చెప్పడం.

"కోపమొచ్చిందేటే?" అన్నాడు.

వచ్చింది. ఆఫీసు మీద, పతకం మీద, ఆ చెయ్యి మీద, మైకు ముందు మాట్లాడిన నా నోటి మీద. ఆ కోపం తగ్గేలోపలే బండెక్కమని చెప్పాను. తగ్గితే పంపలేను.